వద్దనేవాళ్లు చేతులెత్తండి

పొద్దున్నే షట్టరెత్తి ఇంకా కూర్చోలేదు, ఫోన్లో మ్యాటరు వచ్చింది. ఊళ్లో పెద్ద పార్టీ ఆఫీసు నుంచి. బాబాయి గారి సంతాప సభకి పోస్టర్లు కావాలట, మధ్యాహ్నానికల్లా ఇవ్వాలట. ఆయన ఫొటో పంపారు, మెడలో వాళ్ల కండువా. పైన "అజాతశత్రువు" అని రాశారు. అది ఎవరు పోయినా రాస్తారు, పట్టించుకోనక్కర్లేదు. ఫొటో కింద మాత్రం "విలీన శిల్పి" అని రాశారు. ఆ రెండు మాటలూ చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన పోయిన సంగతి ముందురోజే తెలుసు. వెళ్లి చూసి వచ్చాను, ఏడుపు రాలేదు. ఈ పోస్టరు చూశాక వచ్చింది, అదీ కోపంతో. ఫోన్ చేసి, ఇది నేను వెయ్యను, వేరే ప్రెస్సు చూసుకోండి అన్నాను. "ఏం మేడమ్, అచ్చుతప్పులున్నాయా? సరిచేసి పంపమంటారా?" అన్నాడు అవతలాయన, పాపం. ఉన్నవన్నీ తప్పులే నాయనా, అని పెట్టేశాను. బెజవాడలో ప్రెస్సులకి కరువా? సాయంత్రానికల్లా ఎవరో వేసిచ్చారు, సెంటర్లో అంటించేశారు.

విలీన శిల్పి అట! ఆయన బతుకంతా విలీనం వద్దని చెయ్యెత్తుకుని నిలబడ్డ మనిషి. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇంకా కొందరం మిగిలే ఉన్నాం. ఉండగానే ఇలా రాస్తున్నారంటే, మేం కూడా పోయాక ఇంకేం రాస్తారో.

మా ప్రెస్సు గవర్నర్‌పేటలో, మా నాన్న పెట్టింది. మేడమీద గది ఆయన పార్టీ ఆఫీసు. దాని పేరు చెప్పినా ఇప్పుడు ఎవరికీ గుర్తురాదు కాబట్టి చెప్పను. చిన్న పార్టీ. పండించినవాడు తన పంట తనకిష్టమైన చోట అమ్ముకోవాలి, వ్యాపారి ప్రతిదానికీ పర్మిట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరగకూడదు, మనిషి ఏం చదవాలో ఎవర్ని పెళ్లాడాలో సర్కారూ చెప్పకూడదు, కులపెద్దా చెప్పకూడదు. ఇంతే దాని సిద్ధాంతం. ఉదారవాదం అని పెద్ద పేరు పెట్టేవారు. మా నాన్న మాత్రం "ఎవడి పని వాడు చేసుకోనివ్వండ్రా బాబూ పార్టీ" అనేవాడు. ఒకప్పుడు డెల్టాలో దానికి గట్టి మనుషులే ఉండేవారు, గుడివాడ వైపు మిల్లుల వాళ్లు, తెనాలి వైపు ప్లీడర్లు. సభ పెడితే హాలు నిండేదట. నేను చూసేనాటికి మేడమీద గది నిండితే గొప్ప.

ఆయనకి వన్ టౌన్‌లో ఆయిలింజన్ల స్పేర్ పార్టుల షాపుండేది. పొడుగాటి మనిషి, పొట్టి చేతుల చొక్కా, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. నాకు బాబాయి గారు. చుట్టరికం ఏమీ లేదు, మా నాన్న స్నేహితుడు కాబట్టి బాబాయి.

ఆ పార్టీలో ఎందుకు చేరారని ఎవరడిగినా ఆయన సిద్ధాంతం చెప్పేవారు కాదు, వాళ్ల అమ్మ సంగతి చెప్పేవారు. ఆ రోజుల్లో ఒక జిల్లా బియ్యం పర్మిట్టు లేకుండా ఇంకో జిల్లాకి తీసుకెళ్లకూడదు. వాళ్ల అక్కని కృష్ణకి అవతల గుంటూరు జిల్లాలో ఇచ్చారు. నీళ్లోసుకుని ఉన్న కూతురికి కొత్త బియ్యం పెడదామని, వాళ్లమ్మ ఓ మూట కట్టుకుని ఈయన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. వంతెన దగ్గర చెక్‌పోస్టు. మూట విప్పించారు, గోనెపట్టా మీద కుమ్మరించారు, ఎక్కడివి అన్నారు. "మా పొలంలో పండిన బియ్యం, మా అక్కకి పెట్టుకోవడానికి, మా అమ్మ వాడెవడికో దణ్ణం పెట్టింది" అనేవారు బాబాయి గారు. దణ్ణం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవారు. బియ్యం ఇచ్చారా లాక్కున్నారా, ఇంతవరకూ నాకు తెలీదు. అడిగితే, "దణ్ణం పెట్టాక ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత?" అనేవారు.

మొదటి విలీనం నాటికి నేను స్కూల్లో ఉన్నాను. ఆయన చెప్పిందీ మా నాన్న చెప్పిందీ కలిపి చెబుతున్నాను. చిన్న పార్టీలన్నీ కలిసి ఓ పెద్ద పార్టీ కావాలని పైన నిర్ణయించేసుకున్నారు. రాష్ట్రమంతటి సభ్యుల్నీ ఓ కల్యాణ మండపంలో కూర్చోబెట్టారు. అధ్యక్షుడు లేచి, విలీనాన్ని బలపరిచేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. ఎత్తారు. దించండి అన్నాడు. ఏకగ్రీవం అన్నాడు, చప్పట్లు మోగాయి, దండలొచ్చాయి. బాబాయి గారు ముందు వరసలో కూర్చుని రెండో ప్రశ్న కోసం చూస్తున్నారు. అది రాలేదు. లేచి నిలబడి, చెయ్యెత్తి, "అధ్యక్షా, వ్యతిరేకం అడగలేదు!" అని అరిచారు.

సరిగ్గా అప్పుడే పేపరు ఫొటోగ్రాఫరు రొప్పుకుంటూ వచ్చాడు. చేతులెత్తినప్పుడు వాడు బయట టీ తాగుతున్నాడు. "సార్, సార్, ఒక్కసారి అందరూ మళ్లీ చేతులెత్తండి సార్" అన్నాడు. అందరూ సంతోషంగా ఎత్తారు. ఈయన దించలేదు, ఈయన గొడవ ఈయనది. తెల్లారి పేపర్లో ఫొటో పడింది. చేతుల అడవి, అందరికంటే పైకి ఈయన చెయ్యి, నినాదం ఇస్తున్నట్టు తెరిచిన నోరు. కింద "విలీనానికి ఏకగ్రీవ ఆమోదం" అని రాశారు. నెలల తరబడి బజార్లో ఎదురైన ప్రతివాడూ భుజం తట్టి, "మంచి పని చేశారండీ, ఐకమత్యమే కావాలి" అన్నాడట. మామగారైతే అల్లుడి ఫొటో పేపర్లో పడిందని పటం కట్టించి మరీ పంపించారు. బాబాయి గారు ఆ పటాన్ని గోడకి తిప్పి పెట్టారు, పారెయ్యలేదు. పారేస్తే పిన్ని ఊరుకోదు, ఆమె పుట్టింటివాళ్లు పంపింది మరి.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఈయన ఆ అవమానం లోంచి ఓ లా పాయింటు తీశారు. వద్దనేవాళ్లెవరని అడగని ఓటు ఓటు కాదు. ఓటు జరగలేదు కాబట్టి విలీనం జరగలేదు. విలీనం జరగలేదు కాబట్టి మన పార్టీ ఉంది. అంతే. దింపేసిన బోర్డు తెచ్చి మళ్లీ మా మేడకి తగిలించారు. మా నాన్న నవ్వాడు, కానీ మేకులు తనే కొట్టాడు. ఆ పాయింటు నమ్మి వెంట వచ్చినవాళ్లు కొద్దిమంది. ఓ మిల్లు యజమాని, ఇద్దరు ముగ్గురు ప్లీడర్లు, ఓ రిటైరైన లెక్చరరు, వన్ టౌన్‌లో గాజుల హోల్‌సేల్ చేసే సాయిబు గారు. సాయిబు గారూ ఈయనా పక్కపక్క షాపుల వాళ్లు, ఒకరినొకరు ఏరా అంటే ఏరా అనుకునే స్నేహం. ఏ సభలోనైనా తీర్మానం ప్రవేశపెట్టేది ఆయనే.

ఇక చూడండి తమాషా. వీళ్లు కలవని ఆ పెద్ద పార్టీ ఇంకో పార్టీలో కలిసింది. అది చీలింది. చీలిన దాంట్లో ఓ ముక్క మరో దాంట్లో కలిసింది. పొద్దున ఓ కండువా, మధ్యాహ్నం ఓ కండువా. వెళ్లినవాళ్లలో కొందరు చైర్మన్లయ్యారు, కొందరు పేపరు మూలన సంతాప వార్తలయ్యారు. మా మేడ మీద బోర్డు మాత్రం మారలేదు, ఎండకి వెలిసింది అంతే. కొన్నేళ్లకి మిగిలిన ఈ పిడికెడు పార్టీని కూడా అప్పటి అధ్యక్షుడు హైదరాబాదు తీసుకెళ్లి ఎవరికో అప్పజెప్పబోయాడు. అక్కడా చప్పట్లే. అక్కడా ఈయన లేచి వ్యతిరేకం అడగలేదన్నారు. మైకు కట్టేశారు. తిరిగొచ్చి, ఈసారి అధ్యక్ష పదవి తనే తీసుకున్నారు. "నేనుండగా అడక్కుండా ఏదీ జరగదు" అన్నారు. అదే శపథం.

అడగడం ఆయనకి జబ్బులా పట్టుకుంది. అపార్ట్‌మెంటు మీటింగులో నీళ్ల మోటారు గురించి అందరూ సరేనంటే, ఈయన లేచి "వద్దనేవాళ్లు?" అనేవారు. అందాకా నోరెత్తని మూడో అంతస్తు వాళ్లు అప్పుడు నోరు తెరిచేవారు, మీటింగు మళ్లీ మొదటికొచ్చేది. గుడి కమిటీ వాళ్లు ఈయన్ని పిలవడం మానేశారు. ఇంట్లో కూడా అంతే. పిన్ని ఓసారి మా ప్రెస్సులో కూర్చుని వాపోయింది. "కూరకి కూడా ఓటింగేనమ్మా! ఉన్నదిద్దరం. నేను వంకాయ అంటాను, ఆయన దొండకాయ అంటారు. సమానం వచ్చాయి, అధ్యక్షుడికి ఇంకో ఓటుంటుంది అంటారు. ముప్ఫయ్యేళ్లుగా ఆ దొండకాయే తింటున్నాను." అది విని ఆయన, "నువ్వు వ్యతిరేకించావని నేనెప్పుడూ కాదనలేదుగా" అన్నారు, చాలా గంభీరంగా. మంచివాడే గానీ, ఆ మంచితనం భరించడం కష్టం.

ఈ జబ్బు వల్ల బాగుపడ్డదాన్ని నేనొకదాన్ని ఉన్నాను. నా పెళ్లి మాటలప్పుడు ఆయన మా ఇంటికి పెద్దమనిషిగా వచ్చారు. కుర్రాడు బానే ఉన్నాడు, అన్నీ కుదిరిపోయాయి, తాంబూలాలు చేతిలోకి తీసుకున్నారు. మా పెదనాన్న "అందరికీ సమ్మతమేగా" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయన నవ్వకుండా, "వద్దనేవాళ్లెవరన్నా ఉన్నారా?" అన్నారు. మళ్లీ అందరూ నవ్వారు, పార్టీ మనిషి కదా, సరదాగా అంటున్నాడనుకుని. ఆయన వాళ్లని వదిలేసి గుమ్మం దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నిన్నే." అంతకుముందు ఒక్కరు కూడా నన్నలా అడగలేదు. అడిగితే చెప్పొచ్చని కూడా నాకు తెలీదు. "నాకిష్టం లేదు బాబాయి గారూ" అన్నాను.

ఇంట్లో పెద్ద రభస. మా నాన్న ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు, మేడమీద ఆఫీసు మాత్రం ఖాళీ చేయించలేదు. మా అమ్మ అయితే ఆ మనిషి నీడ పడితే కాపురాలు నిలబడవని అందరికీ చెప్పుకొచ్చింది. నేను మెల్లగా ప్రెస్సులో కూర్చోవడం మొదలెట్టాను, తర్వాత నాకు నచ్చినవాణ్ణి చేసుకున్నాను. ఇవాళ ఇక్కడ కూర్చుని వచ్చే మ్యాటరు వేస్తానో వెయ్యనో చెప్పగలుగుతున్నానంటే ఆ ఒక్క ప్రశ్న వల్లే. పార్టీలో చేరమ్మా అని ఆయన చాలాసార్లు అడిగారు. నేను చేరనన్నాను, నాకా రాజకీయాలు నచ్చవు. దానికి ఆయన సంతోషపడ్డారు. "అదిగో, మొహమాటం లేకుండా చెప్పావు" అన్నారు. అందుకని సభలప్పుడు పైకెళ్లి గుమ్మం పక్కన స్టూలేసుకుని కూర్చునేదాన్ని, సభ్యురాలిగా కాదు, చూడ్డానికి.

ఇక అసలు సంగతి. మొన్నటి ఎన్నికల ముందు ఓ రోజు పెద్ద పార్టీ నగర నాయకుడు తనంతట తానే మా మెట్లెక్కి వచ్చాడు. అతనికి మనుషులతో పనిలేదు, వార్తతో పని. ఫలానా పార్టీ మాలో విలీనమైంది అని చెప్పుకోవాలి, ఆ పార్టీలో మనుషులెంతమందని ఎవడూ లెక్కపెట్టడు, బోర్డుంటే చాలు. మిరపకాయ బజ్జీలు తిన్నాడు, బాబాయి గారి కాళ్లకి నమస్కారం కూడా పెట్టాడు. "మీరు మాకు తండ్రి లాంటోరండీ. గౌరవంగా కలుపుకుంటాం" అన్నాడు. "సభ్యులు నిర్ణయిస్తారు" అన్నారు ఈయన.

సభ్యులు అప్పటికే నిర్ణయించుకున్నారు. ఆ సంగతి బజారంతా తెలుసు. మిల్లాయన అల్లుడికి మార్కెట్ కమిటీలో పదవి ఇస్తామన్నారు. ప్లీడరుకి గవర్నమెంటు కేసులు ఇప్పిస్తామన్నారు. గాజుల సాయిబు గారి షాపు రోడ్డు వెడల్పులో పోతుందని గీత గీసేశారు, ఆ గీత కాస్త అవతలికి జరుపుతామన్నారు. ఆ షాపు ఆయన తాతది. నేనెవర్నీ తప్పుపట్టను, ఎవరి ప్రాణం మీదికి వస్తే వాళ్లకి తెలుస్తుంది. కానీ అన్నీ తెలిసి ఊరుకోలేక, సభ ముందురోజు బాబాయి గారు ప్రెస్సులోకి రాగానే చెప్పేశాను.

"అంతా అటే ఉన్నారు బాబాయి గారూ."

"ఉంటే ఉండనీ. అడుగుదాం, చెబుతారు."

"అడక్కండి" అన్నాను. "వాళ్లకి మీరంటే గౌరవం ఉంది. విలీనం వద్దని మీరు తీర్మానం పెట్టారనుకోండి, మీ మొహం చూసి కాదనలేరు, చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లతో సభ ముగించెయ్యండి. తర్వాత ఎవడికి కావాలంటే వాడు పోతాడు, పార్టీ మటుకు మిగులుతుంది."

"చప్పట్లు చెల్లుతాయా?"

"ఈ ఒక్కసారికి చెల్లనివ్వండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన మిషను ఆపించి, "అమ్మాయ్, ఇవాళ నా చప్పట్లు చెల్లితే, అప్పుడు వాళ్ల చప్పట్లూ చెల్లినట్టేగా? ఆ లెక్కన మన పార్టీ ఏనాడో పోయింది. మరి ఇన్నేళ్లూ నేను మీ మేడ మీద కూర్చుని ఏం చేసినట్టు?" అన్నారు.

"మరి అడిగితే పోతుందిగా!"

"పోతే పోతుంది. మీ పెదనాన్న వాళ్లంతా నవ్వుతున్నారు కదా అని, ఆ రోజు నేనూ నవ్వి ఊరుకుంటే నీకు బాగుండేదా?"

నేను మళ్లీ మిషను ఆన్ చేయించాను. అంత కోపం నాకు ఆయన మీద ఎప్పుడూ రాలేదు. మనిషికి కాస్తయినా లౌక్యం ఉండక్కర్లేదా?

సభ ఆదివారం పొద్దున. అందరూ వచ్చారు, ఎన్నడూ రానివాళ్లు కూడా. నేను గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పెద్ద పార్టీలో కలవాలన్న ప్రతిపాదనని తిరస్కరించాలి, ఇదీ తీర్మానం. ఎప్పట్లాగే సాయిబు గారు లేచి ప్రవేశపెట్టారు. కాగితం మీంచి తలెత్తలేదు. చదివి కూర్చున్నారు. బాబాయి గారు సభ వైపు చూశారు. నేను అనుకున్నట్టే అయింది. మిల్లాయన ముందు చప్పట్లు మొదలెట్టాడు, ప్లీడరు అందుకున్నాడు, గది గదంతా గట్టిగా కొట్టారు. కొందరి కళ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి. ముసలాయన్ని నొప్పించకుండా ఈ పూట గడిపేసి, రేపు ఎవరి దారిన వాళ్లు పోదామనుకున్నారు. అక్కడ ఆపేస్తే అయిపోయేది. ఆపండి, ఆపండి అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

ఆయన చెయ్యి ఊపి చప్పట్లు ఆపించారు. "చప్పట్లు ఓటు కాదండీ. తీర్మానాన్ని బలపరిచేవాళ్లు చేతులెత్తండి."

ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సభకి అధ్యక్షుడు కాబట్టి ఈయనకి ఓటు లేదు, ఓట్లు సమానమైతేనే ఉంటుంది.

"వద్దనేవాళ్లు చేతులెత్తండి."

కిందనుంచి సిటీ బస్సు హారన్ వినిపించింది. చివరికి ప్లీడరు సగం ఎత్తాడు, చెవి గోక్కుంటున్నట్టు. "సరిగ్గా ఎత్తండి, లెక్కపెట్టాలి" అన్నారు బాబాయి గారు. ఎత్తాడు. మిల్లాయన ఎత్తాడు. లెక్చరరు గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని ఎత్తారు. ఒక్కొక్కరే, ఒక్కొక్కరే. సాయిబు గారు తలొంచుకుని కూర్చున్నారు. ఈయన ఆయన వైపు చూసి, తొందరేం లేదన్నట్టు ఆగారు. అట్లా ఆగడం కంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. చివరికి సాయిబు గారు, తను ప్రవేశపెట్టిన తీర్మానానికి తనే వ్యతిరేకంగా, చెయ్యెత్తారు.

బాబాయి గారు వేలుతో చూపిస్తూ, తప్పు పోకుండా, పైకే లెక్కపెట్టారు. "తీర్మానం వీగిపోయింది. అంటే విలీనమేగా మీ నిర్ణయం?"

"మీరెలా అంటే అలా అండీ" అన్నాడు మిల్లాయన.

"నేననడం కాదు. ఇప్పుడు మీరన్నారు" అన్నారు ఆయన. అందరికీ ధన్యవాదాలు చెప్పి సభ ముగించారు. తెల్లారి పేపర్లలో ఏకగ్రీవం అని వేశారు. ఈసారి అది నిజమే.

మెట్ల దగ్గర సాయిబు గారు ఈయన చెయ్యి పట్టుకున్నారు. "మాఫ్ చేయరా, షాపు..." అని ఇంకేదో అనబోయారు. "మీరు సరిగ్గానే చేశారండీ. మనసులో ఉన్నది చెప్పారు" అన్నారు బాబాయి గారు. జీవితంలో మొదటిసారి ఆయన్ని మీరు అన్నారు. సాయిబు గారు చెయ్యి వదిలేసి గోడ పట్టుకుని దిగి వెళ్లిపోయారు.

పోనీ, ఇంట్లో కూర్చోవచ్చుగా? కూర్చోలేదు. సభ నిర్ణయం అమలుచెయ్యడం అధ్యక్షుడి పని అట. మర్నాడు తనే బోర్డు దింపించి, మడతపెట్టిన జెండా చేత్తో పట్టుకుని ఆటోలో వెళ్లారు. వాళ్ల వేదిక ఎక్కి, కండువా కప్పించుకున్నారు. ఆ ఫొటోనే ఇవాళ పోస్టరెక్కింది. "ఎందుకెళ్లారు? సిగ్గులేదా?" అని నేను అడిగేశాను కూడా. పెద్దవాళ్లని అనకూడని మాట, అన్నాను. "నా ఇష్టం కాదమ్మా అది, ఓటు" అన్నారు.

పదవి మిల్లాయన అల్లుడికి రాలేదు, పార్టీలో ముందునుంచీ ఉన్నవాడికెవడికో ఇచ్చారు. ప్లీడరు ఇంకా ఆఫీసు బయట కుర్చీలో కూర్చుని ఉంటాడు. సాయిబు గారి షాపు మీదికి పొక్లెయిన్ రానే వచ్చింది, గాజుల పెట్టెలు సర్దుకునే టైము కూడా ఇవ్వలేదు. బాబాయి గారు మాత్రం పిలిచినన్నాళ్లూ ఆ పార్టీ మీటింగులకి వెళ్లారు. వెనక వరసలో కూర్చునేవారట. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు, వేదిక మీద ఒకరు చెబుతారు, కింద చప్పట్లు కొడతారు. ఈయన ఓసారి లేచి వ్యతిరేకం అడగమన్నారట. పక్కనున్నవాళ్లు పెద్దాయనకి ఒంట్లో బాగోలేదేమోనని మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారట. తర్వాత పిలవడం మానేశారు.

పోయేముందు మంచాన పడ్డారు. నేను వెళ్లేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిన్ని జావ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. "నాలుగు రోజులుగా ఏమీ ముట్టట్లేదే. నువ్వన్నా చెప్పు" అంది. నేను మంచం పక్కన కూర్చుని, ఊళ్లో కబుర్లు చెప్పాను, ప్రెస్సు సంగతులు చెప్పాను. నిద్రపోయారేమో అనుకుని లేవబోతుంటే అన్నారు.

"అడక్కుండా ఉండాల్సింది అమ్మాయ్."

నాకు అర్థం కాలేదు. ఏది బాబాయి గారూ అన్నాను.

"చప్పట్లు కొట్టారు కదా. ఊరుకోవాల్సింది. నా పార్టీ నాకుండేది."

"అలా అనకండి" అన్నాను. గట్టిగానే అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ఇటు తిరగలేదు. అదే మాట మళ్లీ అన్నారు, ఈసారి నాతో కాదు. పిన్ని గ్లాసు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె వెనకాలే వెళ్లాను. పొయ్యి వెలిగించలేదు, ఏమీ చెయ్యట్లేదు, ఊరికే నిలబడి ఉంది. "ఏదో నీరసంలో అన్నార్లే, బయట అనబాకు" అంది.

పార్టీలు పుడతాయి, పోతాయి, దానికి నాకు ఏడుపు రాదు. మనుషులు మాట మారుస్తారు, దానికీ రాదు. కానీ అందర్నీ అడగాలి, కాదన్నవాడి మాటా వినాలి అన్న ఒక్క నమ్మకం మీద బతికిన మనిషి. అడిగి తప్పు చేశానని, తన నోటితో తనే అనుకుంటూ పోయేలా చేశారు. ఇంతకంటే ఓటమి ఉంటుందా? ఆ మాట విన్నది పిన్నీ, నేనూ. ఆమె చచ్చినా ఎవరికీ చెప్పదు. నేను చెబుతున్నాను.